దగ్గుతో ముగిసే అరుపు

మా కుక్కకు పేరు లేదు. పేరు పెట్టాల్సిన అవసరం నాయనకు రాలేదు. దాన్ని పిలవాలంటే ఆయన మొరిగేవాడు.

నవ్వులాటకు చెప్పడం లేదు, నాయన వృత్తే అది. కోడంబాక్కం డబ్బింగు థియేటర్లలో కుక్కలకు, పిల్లులకు, కాకులకు, కథలో అవసరమైన చోట చంటిపిల్లలకు ఆయన గొంతు ఇచ్చేవాడు. తెర మీద మేక నోరు తెరిస్తే కింద చీకట్లో మైకు ముందు మా నాయన నోరు తెరిచేవాడు. మనుషులైతే భాషభాషకూ మారాలి గానీ కుక్క ఏ భాషలోనైనా కుక్కేనని, అందుకే తనకు నాలుగు భాషల్లో పని ఉందని మీసం మీద చెయ్యి వేసుకుని చెప్పేవాడు. మా వాళ్లు ఏనాడో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి స్థిరపడ్డారు. తాత రైల్వేలో గుమాస్తా, ముత్తాత బళ్లో పంతులు. వాళ్ల ఫోటోలు వరసగా ఉన్న గోడ కింద కూర్చుని నాయన గేదెలా అరుస్తుంటే, ఇంటికొచ్చిన చుట్టాలు ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూసేవాళ్లు.

ఆయన కుక్క అరుపుకు ఒక తోక ఉండేది. ముక్కుపొడి అలవాటు వల్ల చివర చిన్న దగ్గు పడేది. మూడు పొట్టి అరుపులు, ఒక పొడుగు అరుపు, దాని వెనకే ‘ఖక్’మని. ఎంత ఆపుకున్నా ఆగేది కాదు. రికార్డింగు చేసే ఆయన ప్రతిసారీ విసుక్కుంటూ ఆ చివరి ముక్కను టేపులోంచి కత్తిరించి పారేసేవాడు. అందువల్ల నాయన మొరిగిన సినిమాలు వందలున్నా, ఆ దగ్గు మాత్రం ఏ సినిమాలోనూ లేదు.

కుక్కను ఒక సాయంత్రం భుజానికి తగిలించుకునే గుడ్డసంచిలో వేసుకుని తెచ్చాడు. కళ్లు అప్పుడే తెరిచిన పిల్ల. తల్లి ఏదో స్టూడియో ముందర లారీ కింద పడిందట. పొమరేనియన్ రక్తం ఎక్కడో ఒక చుక్క కలిసిన నాటుకుక్క. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, చిన్న మూతి, పెద్దయ్యాక కూడా పిల్లికన్నా పెద్దది కాలేదు. మేం మేడమీద వాటాలో ఉండేవాళ్లం కాబట్టి దానికి వేరే కుక్కలతో పరిచయం లేదు. దానికి తెలిసిన కుక్క మా నాయన ఒక్కడే. మర్నాటి పనికి ఆయన గొంతు సవరించుకుంటూ ఉంటే, ఇది ఎదురుగా కూర్చుని తల ఒక పక్కకు వాల్చి వినేది. కొన్నాళ్లకు తనూ మొరగడం మొదలుపెట్టింది. మూడు పొట్టివి, ఒక పొడుగు, చివర ఖక్.

అమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. పశువుల డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. కుక్కలు అరుపు నేర్చుకోవని, అది పుట్టుకతో వచ్చేదని, ఆ దగ్గు ఏదో గొంతులో దోషమని మందు రాసిచ్చాడు. నేను స్కూల్లో లెక్కలు చెప్పే మనిషిని, నాకూ డాక్టరు మాటే సబబుగా తోచింది. కానీ చెవులు ఊరుకోవు కదా. వీధిలో అది మొరిగితే మిగతా కుక్కలు బిత్తరపోయి చూసేవి. మాది కోడంబాక్కం యాస, వాటికి అర్థం కాదులే అని నాయన దాన్ని సముదాయించేవాడు.

ఆయనకు ఒకటే కోరిక ఉండేది. మేం ముగ్గురం, కుక్కతో కలిపి నలుగురం, ఎటైనా రెండు రోజులు పోయి రావాలని. చిన్నాయనకు, అంటే నాయన తమ్ముడికి, తెలిసినవాళ్ల ఇల్లొకటి మద్రాసుకు దగ్గర్లోనే ఉన్న కోవళంలో సముద్రం ఒడ్డున ఖాళీగా ఉండేది. తాళంచెవి చిన్నాయన దగ్గరే ఉండేది. ప్రతి ఎండాకాలం బయల్దేరడం, ప్రతి ఎండాకాలం ఆగిపోవడం. ఒకసారైతే పులిహోర కూడా కట్టేశాం. చెప్పులు వేసుకుంటూ ఉండగా థియేటరు నుంచి కారొచ్చింది, ఈనుతున్న గేదె ఒకటి అర్జెంటుగా కావాలట. నాయన వెళ్లి సాయంత్రం దాకా ఈనుతూనే ఉన్నాడు. పులిహోర మేం ఇంట్లోనే తిన్నాం.

తర్వాత జంతువుల అరుపులు నింపిన సీడీలు వచ్చాయి. ఎక్కడో విదేశాల్లో రికార్డు చేసిన కుక్క ఒకటి అందరి సినిమాల్లోనూ మొరగడం మొదలుపెట్టింది. దానికి ముక్కుపొడి అలవాటు లేదు, కారు పంపే పనీ లేదు. నాయనకు పిలుపులు తగ్గాయి. ఇప్పుడైనా పోదామా అని అమ్మ అడిగితే, ఊళ్లో లేని రోజే పిలుపొస్తే ఎట్లా అనేవాడు. పనున్నప్పుడు పని వల్ల, పని లేనప్పుడు పనొస్తుందేమోనని, మొత్తానికి కోవళం ఉన్నచోటే ఉండిపోయింది.

ఊరి పేరు చెన్నై అని మారిన కొత్తలో, ఒక మధ్యాహ్నం, నాయన అన్నం తిని చాప వేసుకుని పడుకున్నాడు. కుక్క ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. కాఫీకి లేపుదామని అమ్మ వెళ్లేసరికి కుక్క లేచి పక్కకు జరిగింది. ఆయన లేవలేదు.

పదోరోజు కర్మ చేసింది చిన్నాయన, మా నాయనకు కొడుకులు లేరు కాబట్టి. మండపం వెనక పిట్టగోడ మీద పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు తీరని కోరిక ఏదో ఉందని, వాళ్లు ఇంకా ఈ చుట్టుపక్కలే ఆకలితో తిరుగుతున్నారని మా వాళ్ల నమ్మకం. కరెంటు తీగల మీద కాకులు బారుగా కూర్చునే ఉన్నాయి. అన్నీ మమ్మల్నే చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు.

ఇలాంటప్పుడు పోయినాయన కోరిక ఏమై ఉంటుందో ఊహించి, అది మేం తీరుస్తామని ఒక్కొక్కరే మాటివ్వడం ఆచారం. పాప పెళ్లి నేను చేస్తాను అన్నా, అన్నాడు చిన్నాయన నన్ను చూపించి. కాకి రాలేదు. ఆయన పేర తిరపతి పోయొస్తామని ఒక అత్త మొక్కింది. రాలేదు. రికార్డింగు చేసే ఆయన వచ్చి ఉన్నాడు. ఆయన రెండు చేతులూ జోడించి, అన్నా, ఇకమీద దగ్గు కొయ్యను, అన్నాడు. అక్కడున్నవాళ్లు సగంమంది నవ్వారు, సగంమంది ఏడ్చారు, నేను రెండూ చేశాను. కాకులు మాత్రం కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. చిన్నాయన కండువాతో మొహం తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు.

“వాటిని పిలిచేవాడే పోయినాక అవి ఎట్లా వస్తాయి?”

నిజమే. మా మేడమీద నాయన కాకి అరుపు అరిచాడంటే పక్కవీధి కాకులు కూడా వచ్చి వాలేవి. పిండాన్ని చివరికి ఆవుకు పెట్టారు. ఇంత హడావిడి చేస్తే ఏ కాకి దిగుతుంది, అంతమంది నిలబడి ఉంటే అవి భయపడవా అని నేను అమ్మకు చెప్పి చూశాను. అమ్మ వినలేదు. పిండం పెట్టినంత సేపూ ఆమె ఏ మాటా ఇవ్వలేదని నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

కుక్క ఆరోజు నుంచే కాదు, నాయన పోయిన మధ్యాహ్నం నుంచే మొరగడం మానేసింది. తినేది, తిరిగేది, మెట్ల మీద అడుగుల చప్పుడైతే తల ఎత్తేది. నోరు మాత్రం విప్పలేదు. దాన్ని పిలవడానికి ఇంట్లో ఎవరికీ గొంతు లేదు. ఒకరోజు తలుపు వేసుకుని నేనే మొరిగి చూశాను. అది నావైపు జాలిగా చూసి, వెళ్లి చాప మీద పడుకుంది.

మాకు ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసొచ్చింది. జీవితమంతా మైకు ముందు గడిపిన మనిషి మామూలు మాట ఒక్కటి కూడా ఎక్కడా రికార్డు కాలేదు. ఇంట్లో టేపురికార్డరు ఉంది, క్యాసెట్లున్నాయి, వాటిలో అందరి పాటలూ ఉన్నాయి. ఆయన మాత్రం లేడు. ఒక సాయంత్రం అమ్మ బియ్యం ఏరుతూ, మీ నాయన ‘అన్నం పెట్టు’ అని ఎట్లా అంటాడో నీకు గుర్తుందా పాపా అని అడిగింది. ఆ మాటలు గుర్తున్నాయి, ఆ మాటలన్న మొహం గుర్తుంది. గొంతు గుర్తు రాలేదు. గుర్తుందని అబద్ధం చెప్పాను. నాకు తెలిసి అమ్మకూ గుర్తు రాలేదు, అందుకే అడిగింది.

అప్పటినుంచి టీవీ మాకు పెద్ద గండమైపోయింది. కేబులు కొత్తగా వచ్చింది, పొద్దస్తమానం ఏదో ఒక పాత సినిమా. ఏ సినిమాలోనైనా ఎక్కడో ఒకచోట కుక్క మొరక్క మానదు. మొరిగిందంటే అమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ఇది ఆయనదేనా అని నావైపు చూసేది. నాకేం తెలుసు? ఒక్కోసారి కథానాయిక ఒళ్లో బిడ్డ ఏడిస్తే చాలు, నాకు వీపు మీద వెంట్రుకలు లేచేవి. ఆ బిడ్డ మా నాయన అయి ఉండవచ్చు. దగ్గు కత్తిరించాక ఆయనను ఆనవాలు పట్టడం మా వల్ల అయ్యేది కాదు. నేను కుక్క వైపు చూసేదాన్ని, దానికైనా తెలుస్తుందేమోనని. అది చెవి కూడా కదిపేది కాదు.

నెల నెలా మాసికం రోజున అమ్మ మేడమీద కాకికి అన్నం పెట్టేది. కుక్క వెళ్లి ఆ అన్నం పక్కనే కూర్చునేది. కుక్క కూర్చున్నచోటికి కాకులెందుకు వస్తాయి? దాన్ని కింద కట్టేయమన్నాను. ఆయన కుక్కను కట్టేసి ఆయన్ను పిలవమంటావా అంది. అమ్మ రాత్రిపూట అన్నం తినడం మానేసింది. మొదట ఉపవాసమంది, తర్వాత ఆకలి లేదంది. నేను గట్టిగా అడిగిన రోజు అసలు మాట చెప్పింది.

“ఆయన ఆకలితో తిరగతా ఉంటే నాకు ముద్ద ఎట్లా దిగుతుంది పాపా?”

ఆకలి చచ్చిపోయినవాళ్లకు ఉండదని చెప్పాను. అది పుస్తకాల మాట అంది. రవికలు వదులై భుజాల నుంచి జారడం మొదలైంది. చిన్నాయన అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, మనసుకు మార్పు కావాలి, ఎక్కడికైనా తీసుకెళ్లండి అని డాక్టరు చెప్పాడు. ఆ మాట పట్టుకుని అమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆరోజు పదోరోజు మండపంలో అందరూ తమకు తోచిన కోరికలు చెప్పారు గానీ ఆయన కోరిక ఎవరూ చెప్పలేదని, అది కోవళమేనని. వచ్చే మాసికం రోజుకు అక్కడ ఉండాలి, కుక్కతో సహా. అక్కడ అన్నం పెడితే కాకి ముడుతుంది. ఆయన వెళ్లిపోతాడు.

ఏడాది తిరక్కుండా విహారానికి పోయారని నలుగురూ అనుకుంటారని చిన్నాయన గొణిగాడు. ఆ నలుగురినీ పిలుచుకుని రమ్మని అమ్మ అంది. ఆయన తాళంచెవి ఇచ్చేశాడు. నాకు కాకుల మీద నమ్మకం లేదు. నా భయం వేరే. అక్కడ కూడా కాకి ముట్టకపోతే ఈమె ఇంకేం మిగిలిందని తింటుంది? అంత దూరం వెళ్లి ఆ ఒక్క ఆశ కూడా పోగొట్టుకుని వస్తామేమోనని, సర్దిన బట్టలనే తీసి మళ్లీ సర్దాను.

కుక్కను ప్లాస్టిక్ వైరుతో అల్లిన కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి, పైన నాయన తువ్వాలు కప్పాం. బస్సులో కుక్కను ఎక్కించనివ్వరు. కానీ మొరగని కుక్కంత మంచి ప్రయాణికుడు ఇంకొకడుండడు. టీనగర్‌లో ఎక్కాం. జనం, పూలబుట్టలు, చెమట. కండక్టరు వచ్చి ఎంతమంది అని అడిగితే అమ్మ తమిళంలో ముగ్గురు అంది. అతను నన్ను చూశాడు, అమ్మను చూశాడు, మూడో మనిషి కోసం వెనక సీట్లు చూశాడు. నేను బుట్టను కాళ్ల మధ్యకు లాక్కుని, ఇద్దరమేనన్నాను. కుక్కకు కూడా టికెట్ తీసుకోబోయావా అని తర్వాత నవ్వుతూ అడిగితే, కుక్కకు కాదులే అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తిరువాన్మియూరు దాటాక గాలి మారింది. బుట్టలోంచి తువ్వాలు కొంచెం పైకి లేచి, నల్లటి ముక్కు ఒకటి బయటికొచ్చింది.

ఇల్లు సవుకు తోపు, అంటే సరుగుడు చెట్ల తోపు, పక్కన ఉంది. పెంకుల కప్పు, ముందర వరండా, చుట్టూ నడుమెత్తు గోడ, ఆవల ఇసుక. సముద్రం చెట్ల వెనకుంది గానీ చప్పుడు ఇంటి లోపలే ఉన్నట్టుంది. తాళం తీయగానే కుక్క బుట్టలోంచి దూకి ప్రతి గదీ వాసన చూసింది. గదులు చూడటం అయ్యాక వరండాలోకి వచ్చి, అక్కడున్న పాత పేము కుర్చీ ఎదుట కూర్చుంది. తల ఒక పక్కకు వాల్చింది. తోక నెమ్మదిగా నేల మీద ఆడింది. కుర్చీలో ఎవరూ లేరు.

నేను కుర్చీ ఎత్తి వరండా ఆ చివర పెట్టాను, ఎండ పడుతోందనే వంకతో. కుక్క లేచి ఆ చివరికి పోయి మళ్లీ దాని ఎదుటే కూర్చుంది. అమ్మ చూసింది. ఆశ్చర్యపోలేదు. పొయ్యి వెలిగించి కాఫీ పెట్టింది. ఆ ఉన్న రెండు రోజులూ నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. భయమా అంటే భయమే. పగటిపూట, ఎండలో, పట్టభద్రురాలినైన నాకు పేము కుర్చీ అంటే భయం వేసింది.

దీపాలు పెట్టే వేళకు చెట్లకవతల నుంచి చంటిబిడ్డ ఏడుపు వినబడింది. జాలర్ల ఇళ్లవైపు నుంచి. కూరగాయలు తరుగుతున్న అమ్మ కత్తి ఆగిపోయింది. ఇది ఆయనే, టీవీలో సినిమా ఏదో వస్తోంది, పోయి చూద్దాం పా అంది. నాకూ ఒక క్షణం అలాగే తోచింది. గోడదాకా వెళ్లి నిలబడ్డాం. బిడ్డ ఏడుస్తూనే ఉంది. సినిమాలో బిడ్డ అంతసేపు ఏడవదు, కథ ఆగదు కదా. కాసేపటికి ఎవరో ఆడమనిషి జోకొట్టే గొంతు వినబడింది, బిడ్డ ఊరుకుంది. అది నిజం బిడ్డ. అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. బతికున్న పిల్లల ఏడుపులోనూ ఆయన్నే వెతుక్కునే స్థితికి వచ్చామని నాకు ఆ గోడ దగ్గర తెలిసి దుఃఖం ముంచుకొచ్చింది.

మర్నాడే మాసికం. అమ్మ తెల్లవారుతూనే బావి దగ్గర తలస్నానం చేసింది. అన్నం, ముద్దపప్పు, నాయనకు ఇష్టమైన అరటికాయ వేపుడు చేసింది. అరిటాకు ముక్క మీద వడ్డించి, నీళ్లు చిలకరించి, గోడ మీద పెట్టింది. ఈసారి నలుగురూ లేరు, మంత్రాలు లేవు. అమ్మ గోడ దగ్గరే నిలబడి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది.

“వచ్చినాం. మీరు చెప్పిన ఇల్లే. పాప వచ్చింది, మీ కుక్కను గూడా తెచ్చినాం. ఇంక తినేసి పోండి.”

పోండి అన్నాక ఆకు అంచు ఒకసారి సర్దింది. వెనక్కు నడిచి వచ్చి వరండా మెట్టు మీద నా పక్కన కూర్చుంది. కుక్క మా కాళ్ల దగ్గర ఉంది. దాన్ని గోడ దగ్గరకు పోకుండా నేను మెడపట్టీ పట్టుకున్నాను.

ఆ ఊరి కాకులు చేపలు తిని బలిసినవి, మనుషులంటే లెక్కలేనివి. రెండు వచ్చి సవుకు కొమ్మ మీద వాలాయి. ఇంకొకటి, రెక్క దగ్గర ఈకలు ఊడిన ముసలి కాకి, గోడ ఆ చివర దిగింది. మమ్మల్ని చూసింది. ఆకును చూసింది. పక్కవాటుగా ఒక గెంతు వేసింది. అమ్మ చెయ్యి నా మోకాలి మీద బిగుసుకుంది. నేను లెక్కల టీచర్ని, ఏ నమ్మకాలూ లేనిదాన్ని, మనసులో ఆ కాకి కాళ్లు పట్టుకున్నాను. తిను తల్లీ, ఒక్క మెతుకు తిను, మా అమ్మ రాత్రికి అన్నం తింటుంది అని. అది ఇంకో గెంతు వేసింది. ముక్కు చాపితే అన్నం అందుతుంది.

కుక్క లేచి నిలబడింది. మెడ మీద బొచ్చు లేవడం నా వేళ్లకు తెలిసింది. మొరిగింది.

ఇన్ని నెలల తర్వాత. మూడు పొట్టి అరుపులు.

నాకు ఒకటే ఆలోచన, పొడుగు అరుపు రాకముందే నోరు మూయాలని. వంగి రెండు చేతులతో దాని మూతి పట్టుకోబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఆమెలో ఇంకా మిగిలి ఉందని నాకు తెలియదు.

“అరవనీ,” అంది.

కుక్క తల ఎత్తి పొడుగు అరుపు అరిచింది. దాని వెనకే, గొంతులో పొడి అడ్డం పడినట్టు, ఖక్.

కాకి ఎగిరిపోయింది. కొమ్మ మీద రెండూ లేచిపోయాయి. తోపులో ఉన్నవన్నీ లేచి ఒక సుడి తిరిగి జాలర్ల ఇళ్లవైపు వెళ్లిపోయాయి. గోడ మీద అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. అమ్మ అటు చూడనే లేదు. మెట్టు దిగి కుక్క ముందు నేల మీద కూర్చుంది. ఇంకోసారి అను, అంది దానితో. అది మొరిగింది. దగ్గింది. సినిమాల వాళ్లు కత్తిరించి పారేసిన ముక్క, మేం పోయిందనుకున్న ముక్క, ఈ పిడికెడు కుక్క గొంతులో చెక్కు చెదరకుండా ఉంది. నాకు ఆ క్షణాన ఆయన ‘అన్నం పెట్టు’ అనడం కూడా వినబడింది, ఆ గొంతుతోనే, ఆ చివరి గరగరతోనే. ఏడ్చానో లేదో గుర్తు లేదు. అమ్మ మాత్రం ఏడ్చింది, కుక్క మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని.

ఎండ పైకొచ్చింది. కాకులు మళ్లీ రాలేదు. చివరికి నేనే అడగాల్సి వచ్చింది. కాకి ముట్టలేదు కదా, ఆయన వెళ్లినట్టా వెళ్లనట్టా అని.

“యాడికీ పోలేదు. ఈడనే ఉండాడు.”

“మరి ఆకలితో తిరుగుతా ఉంటాడని నువ్వే అన్నావు కదమ్మా.”

అమ్మ లేచి చీర కుచ్చెళ్లకంటిన ఇసుక దులుపుకుంది. నావైపు చూసిన చూపులో ఇన్నాళ్లూ లేని విసుగుంది, నాయన బతికున్న రోజుల్లో పొద్దున పదిసార్లు చూసే చూపు.

“ఇంట్లో ఉండే మనిషికి అన్నం పెట్టేది నాకు తెల్దా?” అంది.

గోడ మీది ఆకు తీసుకొచ్చింది. వేపుడు ఒక పక్కకు తీసి, అన్నంలో పప్పు కలిపి, పేము కుర్చీ పక్కన కుక్క ముందు పెట్టింది. అది తింటున్నంత సేపూ అక్కడే నిలబడి చూసింది. తర్వాత లోపలికెళ్లి రెండు కంచాలు తెచ్చి, నాకు పెట్టి, తనకూ పెట్టుకుంది.